మేత ప్యాకెట్ మీద లేని గడి

మద్రాసు కొరట్టూరులో మా ఇంటి వెనక పెరట్లో, జామచెట్టుకీ బావికీ మధ్య, 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతుతో ఒక కొలను ఉంది. నిండుగా పెడితే 6,800 లీటర్లు పడతాయి. అందులో ఇప్పుడు కోయి అనే రంగుల చేపలు 6 ఉన్నాయి. పక్కనే సిమెంటు తొట్టిలో 4 గోల్డ్‌ఫిష్‌లు విడిగా ఉంటాయి. వీటికి ఏ మేత వేయాలి, ఎంత వేయాలి అన్నది ఒంటబట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో ఒక చేపని పోగొట్టుకున్నాను. ఈమధ్య మా ఆఫీసులో ఒకమ్మాయి తనూ కొలను కట్టించుకుని, "అక్కా, ఏ ఫీడ్ కొనమంటారు?" అని అడిగింది. లంచ్ టైములో పది నిమిషాల్లో చెప్పేద్దామని మొదలుపెట్టాను. గంట గడిచినా సగం దగ్గరే ఉన్నాం. మొత్తం ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

మాది కైకలూరు దగ్గర పల్లె. నాన్నకి కొల్లేరు పక్కన చేపల చెరువులున్నాయి. బొచ్చె, శీలావతి పెంచుతారు. నా చిన్నతనమంతా ఆ గట్ల మీదే గడిచింది. అక్కడ తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. కాసేపాగి పడవ మీద వెళ్ళి సంచుల్ని తడిమితే, ఏది ఖాళీ అయిందో ఏది ఇంకా బరువుగా ఉందో చేతికే తెలిసిపోతుంది. మిగిలిందంటే చేపకి ఒంట్లో బాగాలేదనో, నీళ్ళు బాగాలేవనో లెక్క. మర్నాటి మేత ఆ చేతి లెక్కతోనే తగ్గుతుంది.

అందుకే 2020 జనవరిలో ఇక్కడ కొలను కట్టించినప్పుడు మేత గురించి నేను ఎవర్నీ అడగలేదు. కోయి కూడా కార్ప్ జాతే, మన చెరువుల్లో పెంచే బంగారుతీగకి దగ్గరి చుట్టం. బంగారుతీగ తినేది ఇది తినదా అనుకుని, మొదటి మూడు నెలలు ఊరి నుంచి తెప్పించిన తవుడూ చెక్కే వేశాను. నీళ్ళ మీద జిడ్డు తెట్టు కట్టింది. ఫిల్టర్ స్పాంజి రెండు రోజులకోసారి మూసుకుపోయేది. చేపలు బతికే ఉన్నాయి కానీ ఎదగలేదు.

ఎందుకు ఎదగలేదో ఇప్పుడు తెలుసు. ఊళ్ళో చెరువే ఒక పంట. పేడ వేసి, ఎరువు వేసి నీళ్ళని పచ్చగా చేస్తారు. ఆ పచ్చదనం నిండా కంటికి ఆనని జీవాలుంటాయి. చేపకి కావలసిన మంచి ప్రోటీన్, విటమిన్లు చాలావరకు వాటి నుంచే అందుతాయి. తవుడు, చెక్క దానికి పైన కలిసే బలం. నా కొలనులో నీళ్ళు గంటన్నరకోసారి ఫిల్టర్ గుండా తిరిగి అద్దంలా ఉంటాయి. చేప నోటికి అందేది నేను వేసిన గింజ ఒక్కటే. అలాంటి చోట గింజలోనే అన్నీ ఉండాలి. చెరువు మేతకీ పెరటి కొలను మేతకీ ఉన్న అసలు తేడా ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను ముందు చెప్పేది కూడా ఇదే.

తవుడు మానేసి, గింజల్లా తయారుచేసిన మేతలోకి వచ్చాను. మాకు కొళత్తూరు దగ్గర. అలంకార చేపల వ్యాపారానికి పేరున్న పేట అది. వీధుల వెంట వరసగా దుకాణాలు, గాలి నింపి కట్టిన కవర్లలో మెరుస్తూ చేపపిల్లలు. అక్కడొక దుకాణంలో ఎర్ర గింజలు విడిగా తూచి ఇచ్చేవారు, కిలో 200. కవరు మీద పేరు లేదు, తేదీ లేదు, లోపల ఏముందో రాసి లేదు. ఇంటికి తెచ్చి వేస్తే చేపలు ఎగబడి తిన్నాయి. ఎగబడి తింటున్నాయంటే మంచి మేతే అయుంటుందని రెండేళ్ళు అదే కొన్నాను.

కోయి ఏది వేసినా ఎగబడుతుంది. కార్ప్ జాతి చేపకి జీర్ణాశయం ఉండదు, గొంతు దాటితే పేగే. ఒకేసారి మింగి దాచుకునే చోటు లేదు కాబట్టి, రోజంతా అడుగు వెతుక్కుంటూ కొంచెం కొంచెం తినడం దాని తీరు. గట్టు మీద మనిషి నీడ పడితే చాలు, మీసాలు ఆడిస్తూ వచ్చేస్తుంది. అది ఆకలని మనం పొరబడతాం. పళ్ళు కూడా నోట్లో ఉండవు, గొంతు లోపలుంటాయి. మా 'చాయ్' ఉంది, టీ రంగులో ఉండే చగోయి. పొద్దున్నే వీధిలో సందడి మొదలవక ముందు గట్టు మీద కూర్చుంటే, అది గింజ లోపలికి తీసుకున్నాక గొంతులో నలిగే చప్పుడు వినిపిస్తుంది. వేయించిన శనగలు నమిలినట్టు సన్నగా, పొడిపొడిగా ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు పిల్లల్ని నిద్ర లేపి తీసుకొచ్చి వినిపించాను.

2022 మే నెల. ఇక్కడివాళ్ళు కత్తిరి వెయిల్ అంటారే, ఆ మండుటెండల రోజులు. నెలాఖరు లెక్కలు ముగించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదైంది. పొద్దున హడావుడిలో మేత వేయలేదు. పాపం పొద్దుట్నుంచీ పస్తున్నాయి కదా అని రెండు పూటల మేతా కలిపి ఒకేసారి వేశాను. అన్నీ తిన్నాయి. ఒక్క గింజ మిగల్లేదు. సంతోషంగా లోపలికి వెళ్ళి పడుకున్నాను.

తెల్లవారుజామున ఐదున్నరకి పెరటి తలుపు తీస్తే, చేపలన్నీ పైపు నుంచి నీళ్ళు పడే మూలకి చేరి, మూతులు పైకెత్తి నోళ్ళు తెరుస్తున్నాయి. మా ఊళ్ళో దీన్ని చేప తేలడం అంటారు. ఆ దృశ్యం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు తెల్లారకుండా ఎవరో వచ్చి "చేప తేలిందండీ" అని కేకేస్తే, నాన్న లుంగీ ఎగగట్టి చెప్పులైనా లేకుండా గట్టు మీద పరుగెత్తడం ఎన్నిసార్లు చూశానో. అన్నీ తెలిసి, నా పెరట్లో నా చేతులతో నేనే అది చేశాను. గొట్టంతో నీళ్ళు చిమ్మించాను, పంపు పెంచాను. ఆరు తేరుకున్నాయి. బంగారి తేరుకోలేదు. బంగారు రంగు ఒగోన్ అది, అన్నిటికన్నా పెద్దది. పెద్ద చేపకే ముందు ఊపిరాడదు. జామచెట్టు మొదట్లో గొయ్యి తీసి పాతిపెట్టాం. మా చిన్నాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

జరిగిందేమిటంటే, నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. తిన్న చేపకి ఆ తిండి అరిగేదాకా మామూలుకన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. పగలు ఆక్సిజన్ ఇచ్చే పాచి రాత్రి అదే ఆక్సిజన్‌ని తను వాడుకుంటుంది. అందుకే సూర్యుడు రాకముందు నీళ్ళల్లో ఊపిరి అన్నిటికన్నా తక్కువ. నేను సరిగ్గా ఆ వేళకి అరుగుదల పీక్‌లో ఉండేలా మేత వేశాను.

జూన్ మొదటి వారంలో నాన్న వచ్చారు. నన్ను చూసి వెళ్దామనే వచ్చారు కానీ, కాఫీ గ్లాసు కింద పెట్టగానే, "ఆ మేతేదో చూపించమ్మాయ్" అన్నారు.

డబ్బా తెచ్చి ఇచ్చాను. అరచేతిలో కాసిని గింజలు పోసుకుని బొటనవేలితో నలిపారు. గింజ అంత తేలిగ్గా పొడైపోవడం నేను అంతవరకు గమనించలేదు. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, "కనరు కొడుతోంది. నూనె పాడైంది" అన్నారు. తర్వాత గాజు గ్లాసులో నీళ్ళు తెమ్మని, లెక్కపెట్టి పది గింజలు వేశారు. ఇద్దరం వంటింటి గట్టు దగ్గర నిలబడి చూస్తున్నాం. రెండు నిమిషాలకి గింజల చుట్టూ రంగు దిగడం మొదలైంది, ఎర్రటి దారాలు కిందికి జారుతున్నట్టు. ఐదు నిమిషాలకి గింజలు ఉబ్బి అంచులు విడిపోయాయి. పదో నిమిషానికి అడుగున పొడి పేరుకుంది, పైన సన్నగా నూనె పొర మెరుస్తోంది. నాన్న గ్లాసు ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకున్నారు.

"నువ్వు మేత చేపకెయ్యట్లేదమ్మాయ్, నీళ్ళకేస్తున్నావ్."

తర్వాత, "రోజుకెంతేస్తావ్?" అని అడిగారు. పొద్దున రెండు గుప్పెళ్ళు, సాయంత్రం రెండు గుప్పెళ్ళు అన్నాను. గుప్పెడంటే ఎంతని మళ్ళీ అడిగారు. నాకు తెలియదు. వంటింటి కాటా మీద తూస్తే 40 గ్రాములుంది. నాలుగు గుప్పెళ్ళు, 160 గ్రాములు. నాన్న కొలను దగ్గరికి వెళ్ళి ఒక్కో చేపనీ తేరిపార చూసి, ఆరూ కలిపి ఆరు కిలోల దాకా ఉంటాయన్నారు. "అమ్మకానికి బరువు పెంచే చేపకేసే లెక్కమ్మా ఇది. నీ చేప ఇరవై ముప్ఫై ఏళ్ళు బతకాల్సింది. దీనికేం తొందర?"

నేను అకౌంట్స్ మనిషిని. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 40 శాతం ప్రోటీన్ ఉన్న మేత 100 గ్రాములు వేస్తే ప్రోటీన్ 40 గ్రాములు. ప్రోటీన్‌లో నైట్రోజన్ 16 శాతం, అంటే 6.4 గ్రాములు. అందులో సగానికి పైనే చేప మొప్పల నుంచి అమ్మోనియాగా నీళ్ళల్లోకి వచ్చేస్తుంది, మూడున్నర గ్రాముల పైచిలుకు. నా 6,800 లీటర్లకి పంచితే లీటరుకి అర మిల్లీగ్రాము. ఒక్క రోజుకి! ఫిల్టర్‌లో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చాలి. వాటి శక్తి ఎంతో అంతే మార్చగలవు. మిగిలిన అమ్మోనియా నీళ్ళు వేడిగా ఉన్నప్పుడు, పీహెచ్ ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకా విషం. ఎండాకాలం మధ్యాహ్నం మా కొలనులో ఆ రెండూ ఉంటాయి. ఇలా అంకెల్లో చూశాక నా గుప్పెడు నాకే భయం వేసింది. అప్పట్నుంచీ కాటా లేకుండా మేత వేయలేదు.

మర్నాడే పేరూ తేదీ ఉన్న ప్యాకెట్లు నాలుగైదు రకాలు కొనుక్కొచ్చి, వాటి వెనక రాసింది చదవడం మొదలుపెట్టాను. ముందు వైపు బొమ్మ, "గ్రోత్", "కలర్" లాంటి మాటలు నేను పెద్దగా పట్టించుకోను. వెనక ముడిసరుకుల వరస చూడాలి. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. చేపల పొడి, రొయ్యలాంటి క్రిల్ పొడి, గోధుమ మొలక (వీట్ జెర్మ్) ముందు కనిపిస్తే సరే. మొక్కజొన్న, గోధుమ పొట్టు ముందుండి చేప ఎక్కడో ఏడో ఎనిమిదో చోట ఉంటే వద్దు.

ప్రోటీన్ అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. "క్రూడ్ ప్రోటీన్" అని రాసేది, మేతలో నైట్రోజన్ ఎంతుందో కొలిచి దాన్ని 6.25తో గుణిస్తే వచ్చే సంఖ్య. కోడి ఈకల పొడిలో కూడా ఆ లెక్కన ప్రోటీన్ దండిగా ఉంటుంది. అది చేపకి ఎంత అరుగుతుందన్నది వేరే సంగతి. బూడిద శాతం, "యాష్" అని రాస్తారు, అది మరీ ఎక్కువుంటే చేపల పొడిలో కండ తక్కువ, ఎముక ఎక్కువ అని నేను అర్థం చేసుకుంటాను. జీర్ణాశయం లేని చేపకి ఆమ్లం ఉండదు కాబట్టి ఎముకలోని ఫాస్ఫరస్ చాలావరకు అరక్కుండా బయటికి పోతుంది. అది తిని పాచి పెరుగుతుంది. నీళ్ళు పచ్చబడుతున్నాయని మందులు పోసేవాళ్ళు ఒకసారి మేత ప్యాకెట్ తిప్పి చూడాలి.

ఎదిగే పిల్లలకైతే 40 శాతం ప్రోటీన్ అయినా నష్టం లేదు. నా పెద్ద చేపలకి 35 దాటకుండా చూసుకుంటున్నాను. ఖర్చు సంగతి కూడా చెప్పాలి. విడి మేత కిలో 200 చొప్పున రోజుకి 160 గ్రాములంటే నెలకి 960 రూపాయలు. ఇప్పుడు కిలో 500 పెట్టి కొంటున్నాను, రోజుకి 60 గ్రాములు, నెలకి 900. ఫిల్టర్ స్పాంజి వారానికోసారి కడిగితే సరిపోతోంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే విషయం. మంచి కోయి మేత ప్యాకెట్ల మీద చాలావాటికి ఒక పట్టిక ఉంటుంది, నీళ్ళ వేడిని బట్టి ఎలా మేపాలో. 10 డిగ్రీల కన్నా తగ్గితే మేత ఆపండి. 10 నుంచి 15 మధ్య తేలిగ్గా అరిగే గోధుమ మొలక మేత కొద్దిగా వేయండి. ఆ పైన మామూలు మేత. 20 దాటితే రోజుకి మూడు నాలుగు సార్లు, ఐదు నిమిషాల్లో తినగలిగినంత. రంగుల కోయి పుట్టిల్లు జపాన్‌లోని నీగాటా కొండలు. మంచు విపరీతంగా కురిసే ప్రాంతం. అక్కడి రైతులు పొలాల్లో తిండి కోసం పెంచుకున్న కార్ప్‌లోంచే ఈ రంగులు పుట్టాయి. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టాకే మిగతా జపాన్‌కి వీటి సంగతి తెలిసింది. ఆ చలి తెలిసినవాళ్ళు రాసిన పట్టిక కాబట్టి అది చలి దగ్గర మొదలవుతుంది. అక్కడి చేపలకి అదే ప్రాణాంతకం.

మరి మద్రాసులో? నా కొలనులో థర్మామీటర్ వేలాడదీసి రెండేళ్ళుగా రాసుకుంటున్నాను. డిసెంబరు తెల్లవారుజామున కూడా 24కి తగ్గలేదు. మే నెల మధ్యాహ్నం, పైన పచ్చ నెట్ కట్టినా 33. అంటే నా సంవత్సరం మొత్తం ఆ పట్టికలో చివరి గడిలోనే ఉంది. ఏడాది పొడవునా అలా దండిగా వేస్తే ఏమవుతుందో నేను చూశాను. మనకి కావలసిన గడి, 30 దాటాక ఏం చేయాలన్నది, నేను కొన్న ప్యాకెట్లలో ఏ ఒక్కదాని మీదా లేదు.

ఆ గడిని నేనే నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నీళ్ళు 29 దాకా ఉంటే 60 గ్రాములు, మూడు సార్లుగా. 30 దాటితే 40, రెండు సార్లుగా. 32 తగిలిందంటే 30 గ్రాములు, ఒకేసారి. తెల్లవారుజామున ఎప్పుడూ వేయను, ఎండ పడి గంటైనా గడవాలి, ఎనిమిదికి వేస్తాను. సాయంత్రం ఐదు దాటితే డబ్బా మూత తీయను, పెళ్ళికెళ్ళి ఆలస్యమైనా సరే, అవి నన్ను చూసి ఎగబడినా సరే. మబ్బు పట్టిన రోజు సగమే. ఇది నాన్న నేర్పింది. ఎండ లేకపోతే నీళ్ళల్లో ఆక్సిజన్ పుట్టదు, అందుకని కొల్లేటి రైతులు మబ్బు చూసి మేత తగ్గిస్తారు. ఏ ప్యాకెట్ మీదా లేని ఆ మాట నా పుట్టింటి గట్టు మీద అందరికీ తెలుసు. నేనే దాన్ని ఇక్కడిదాకా తెచ్చుకోలేదు.

గోధుమ మొలక మేత గురించి అడుగుతారు. చలి కోసమైతే మనకి అక్కర్లేదు. మొదటి ఏడాది డిసెంబరులో ప్యాకెట్ చూసి కొన్నాను, ఆ రోజు నీళ్ళు 25 డిగ్రీలున్నాయి. అయితే తేలిగ్గా అరుగుతుంది కాబట్టి ఒక చిన్న ప్యాకెట్ ఇంట్లో ఉంచుకుంటాను, చేప నలతగా ఉన్నప్పుడు వాడతాను.

రంగు మేత కూడా అంతే, కొంచెంగా. చేప ఎరుపుని తనంతట తను తయారు చేసుకోలేదు, స్పిరులినా అనే పాచి, క్రిల్ లాంటివాటిలో ఉండే రంగు పదార్థాల నుంచి తీసుకోవాలి. నాలుగు నెలలు వదలకుండా రంగు మేతే వేస్తే, ఎరుపూ తెలుపూ కలిసిన మా 'కుంకుమ' అనే చేపకి ఎరుపు చిక్కబడింది కానీ, పాలలా ఉండే తెలుపు పసుపు తిరిగింది. ఆపాక మళ్ళీ తెల్లబడడానికి వానాకాలం దాకా ఆగాల్సొచ్చింది. ఇప్పుడు మామూలు మేతలో నాలుగో వంతు కలుపుతాను.

గోల్డ్‌ఫిష్ సంగతి వేరు. మొదట్లో అవీ కొలనులోనే ఉండేవి. నావి ఒరాండాలు, గుండ్రటి ఒళ్ళు, నెత్తి మీద రాస్ప్‌బెరీ పండులా కండ. కోయి వేగానికి వాటికి ఒక్క గింజ దక్కేది కాదు. దక్కిన ఆ ఒక్కటీ పైన తేలే గింజ కావడంతో, దాన్ని అందుకోవడానికి గాలి కూడా గుటుక్కున మింగేవి. ఒకటి తిన్న తర్వాత తోక పైకి లేచిపోయి, సాయంత్రం దాకా బోర్లా తిరిగి అవస్థపడేది. తొట్టిలోకి మార్చి, మునిగే సన్న గింజలకి మారాక అది స్థిమితపడింది. వేసే ముందు ఒక చెంచా తొట్టి నీళ్ళల్లో ఆ గింజల్ని నిమిషం పాటు నానబెడతాను. లోపల ఉబ్బేది బయటే ఉబ్బుతుంది. వారంలో ఒక రోజు మేత బదులు ఉడికించిన పచ్చి బఠాణీ, తొక్క తీసి నలిపి. నాలుగు చేపలకి రెండు గింజలు చాలు. తోకలు పొడవుగా, ఒళ్ళు సన్నగా ఉండే కామెట్ రకమైతే ఇంత శ్రద్ధ అక్కర్లేదు, పైన తేలే మేతా తినగలవు.

నిల్వ గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. మన ఊరి ఉక్కకి మేత ఎంత తొందరగా పాడవుతుందో చాలామందికి తెలియదు. ఒకసారి చవకని 10 కిలోల బస్తా కొని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాను. రెండు నెలలకి అడుగున బూజు. బూజు పట్టిన మేత, ముఖ్యంగా వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఉన్నది, ఎండబెట్టి వేసినా ప్రమాదమే, అందులో పుట్టిన విషం ఎండకి పూర్తిగా పోదు. మొత్తం పారేశాను. బూజు పట్టకపోయినా విటమిన్ సి రోజురోజుకీ తగ్గిపోతుంది. అది చాలకపోతే పెరిగే చేపకి వెన్ను వంకర పోతుంది. ఇప్పుడు కిలో ప్యాకెట్ మించి కొనను. తెరవగానే నాలుగు గాజు సీసాల్లోకి సర్ది, మూడు సీసాలు ఫ్రిజ్‌లో అడుగు అరలో పెడతాను.

ఫ్రిజ్ విషయంలో అత్తయ్యకి మొదట్లో మనసొప్పలేదు. చేపల పొడి వాసన పాల పక్కనా అని. తమిళుల పురటాసి నెలలో ఇంట్లో నీచు వండరు, ఆ నెల మరీ. ఆవిడ బాధ న్యాయమైనదే. రెండు మూతల స్టీలు డబ్బా ఒకటి కొని సీసాల్ని అందులో పెట్టాను. పురటాసి నెలలో మాత్రం ఒక్క సీసా బయట ఉంచి, ఫ్రిజ్‌లోది ముందే అయిపోయేలా చూసుకుంటాను. ఆవిడ తరఫు నుంచి ఇంకొకటి ఉంది. చిన్నప్పట్నుంచీ గుడి కోనేట్లో చేపలకి పొరి, అదే మనం మరమరాలంటాం, వేసి దణ్ణం పెట్టుకున్న మనిషి. పెరట్లో చేపలున్నాక శనివారం పొరి వేయకుండా ఆవిడ చేతులు ఊరుకోవు. అందులో పిండి తప్ప పెద్దగా ఏమీ లేదు, రోజూ వేస్తే కొవ్వు పడుతుంది. అలాగని వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. శనివారం ఒక్క గుప్పెడు, ఆ పూట నా మేత మానేస్తాను. "నా చేత్తో తింటే వాటికి ఒంటబడుతుందే" అంటారు. ఆవిడ వేసినప్పుడు చాయ్ ఆవిడ వేళ్ళ దాకా వస్తుంది. నా దగ్గరికి అంత దగ్గరగా రాదు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, రెండున్నర రోజులు కరెంటు లేదు. ఫిల్టర్ ఆగిపోయింది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి మాత్రం ఉంది. రెండో రోజు పక్కింటావిడ గోడ మీంచి చూసి, "పాపం చేపలకి ఏదైనా వేయమ్మా, నోళ్ళు తెరుస్తున్నాయి" అన్నారు. నిజంగానే నా వైపు చూసి నోళ్ళు తెరుస్తున్నాయి. చేతిలో డబ్బా ఉంది. వేయలేదు. ఫిల్టర్ లేని నీళ్ళల్లో ఒక్క గింజ వేసినా అది అమ్మోనియాగా అక్కడే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోయి వారం రోజులు తినకపోయినా దానికేం కాదు. నాకు ఇదంతా తెలుసు, అయినా ఆ రెండు రోజులూ పెరటి తలుపు తీయాలంటే కష్టంగా ఉండేది. కరెంటు వచ్చాక ఆగిపోయిన ఫిల్టర్‌లో కుళ్ళిన నీళ్ళు కొలనులో కలవకుండా ముందు బయటికి వదిలేసి, కడిగి, అప్పుడు నడిపించాను. మొదటి రోజు గోధుమ మొలక మేత 10 గ్రాములు. అమ్మోనియా చుక్కల పరీక్ష రోజూ చేస్తూ, మామూలు మేతకి రావడానికి పన్నెండు రోజులు తీసుకున్నాను. ఆరు చేపలూ ఉన్నాయి.

ఇప్పుడు మళ్ళీ మే నెల. ఇవాళ పొద్దున ఎనిమిదింటికే నీళ్ళు 31. కాటా మీద 30 గ్రాములు తూచి గట్టు మీద కూర్చున్నాను. ఈ టైముకి నాన్న ఫోన్ చేస్తారు, ఆయన సంచులు కట్టించి గట్టెక్కే వేళ అది.

"ఎంతేశావ్?"

"30, నాన్నా. మధ్యాహ్నానికి 33 అవుతుంది, ఇంక వేయను."

"మబ్బేమన్నా ఉందా?"

"లేదు. అక్కడ?"

"ఇక్కడ పట్టింది. సగమే కట్టించాను."